53 గ్రేడు భక్తి

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రోడ్డు పక్కన ఖాళీ గోడ కనిపిస్తే చాలు, దాని మీద సిమెంటు ప్రకటన. తరతరాల బలమట. ఒక్కోచోట ఆ ‘బలం’ దగ్గరే గోడ పెచ్చులూడి ఇటుక తొంగిచూస్తుంటుంది. అయినా ఇల్లు కట్టేవాడి మొదటి ప్రశ్న ఒకటే: “53 గ్రేడేనా అన్నా?”

అవును నాయనా, 53 గ్రేడే. అంటే, కొలిచిన నీళ్లతో, ప్రామాణికమైన ఇసుకతో ప్రయోగశాలలో చేసిన చిన్న దిమ్మను మంచినీళ్లలో ముంచి ఉంచితే, 28వ రోజున అది చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. 28 రోజులు! మంచినీళ్లలో! ఆ దిమ్మకున్న జలయోగం పశ్చిమ ప్రకాశంలో మనిషికే లేదు.

మన స్లాబు జాతకం వేరు. ఎం20 రకం కాంక్రీటుకు సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయొద్దని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మన మిల్లరు దగ్గర కొలత డబ్బా ఉండదు, పైపు ఉంటుంది. “జారుగా లేకపోతే తట్టలు అందుకోరన్నా” అంటాడు మేస్త్రి. పెద్ద పెద్ద వంతెనలకు వాడే హై పెర్ఫార్మెన్స్ కాంక్రీటులో నీళ్లు తగ్గించి, జారుదనానికి ఖరీదైన రసాయనం కలుపుతారు. ఆ రసాయనానికి మనవాళ్లు కనిపెట్టిన చవక మందు ఈ పైపే. ఎక్కువైన నీళ్లు ఆవిరైపోతూ సన్నటి రంధ్రాలు మిగులుస్తాయి. వాటిలోంచి తేమా గాలీ కమ్మీలదాకా వెళ్తాయి. కమ్మీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చు ఊడుతుంది.

ఇక ఆ నీళ్లేమిటి? ఫ్లోరైడు భయంతో మనం నోట పెట్టని బోరు నీళ్లు. స్లాబుకు పళ్లు లేవు కదా, గార పట్టదని ధీమా. కమ్మీకి పళ్లతో పనిలేదు, నీళ్లలో ఉప్పుంటే చాలు.

పోసిన తర్వాత కనీసం ఏడు రోజులు తడపాలి, మన ఎండలకైతే పది. మొదటి రోజు మళ్లు కట్టి నీళ్లు నిలుపుతారు, ఫొటో తీసుకుంటారు. మూడో రోజుకు ట్యాంకరు రాదు. అంటే తక్కువ పోయాల్సినప్పుడు ట్యాంకరంతా, ఎక్కువ పట్టాల్సినప్పుడు చెంబుడు.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తే తడుపుదాంలే అనుకున్నవాళ్లూ ఉండి ఉంటారు. 1996లో శంకుస్థాపన. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు, నీళ్లొక్కటి తప్ప. దిమ్మకు 28 రోజులైతే మనకు 28 ఏళ్లు. ప్రభుత్వాలకూ ఆ అంకె మీద గురి కుదిరినట్టుంది.

చివరికి స్లాబు నెర్రెలిస్తుంది. మేస్త్రి సిమెంటును తిడతాడు, సిమెంటు షాపాయన ఇసుకను తిడతాడు, ఇసుక ట్రాక్టరాయన ఫోనెత్తడు. అందరూ కలిసి వాస్తు సిద్ధాంతిని పిలుస్తారు. ఆయన ఇల్లంతా తిరిగి, దోషమంతా ఈశాన్యంలో నీళ్లు లేకపోవడమేనని తేలుస్తాడు. ఈ వ్యవహారం మొత్తంలో నీళ్లు చాలలేదన్నది ఆయనొక్కడే.