శ్రీకూర్మనాథ స్వామివారికి బహిరంగ విన్నపం

తాబేళ్ల వంశానికి మూలపురుషులైన శ్రీకూర్మనాథ స్వామివారి సముఖానికి,

సిక్కోలు తీరవాసి ఒకడు రాసుకునే అర్జీ. రివాజు ప్రకారం ఇది సోమవారం గ్రీవెన్సుకు వెళ్లాలి. బాధితులు మీ వాళ్లు కాబట్టి నేరుగా మీకే పంపుతున్నాను.

మీరు పడమటి ముఖంగా కొలువుదీరారు. ఎవరో భక్తుడి కోసం అటు తిరిగారని పెద్దలు చెప్పుకుంటారు. సంతోషం. కానీ సముద్రం మీ వెనక పడింది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకులు మేస్తుంటే, కాస్త తూర్పున వాటి జ్ఞాతుల సంగతి మీ దాకా వచ్చినట్టు లేదు.

శీతాకాలం చివర కళింగపట్నంలోనో, బారువలోనో, అటు విజయనగరం జిల్లా చింతపల్లిలోనో ఇసుక మీద నడిస్తే తెలుస్తుంది. రెండడుగుల డిప్ప, ఉబ్బిన మెడ, ముందు రెక్కకు బిగుసుకుపోయిన నైలాన్ పోగు. కళ్లు అప్పటికే కాకులు తినేసి ఉంటాయి. ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్ర తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరి కోసం పైకి రావాల్సిందే. రొయ్యల కోసం మరబోట్లు గంటల తరబడి అడుగున ఈడ్చే వలలో పడితే ఇక పైకి రాలేదు. మందర పర్వతాన్ని మోస్తూ పాలసముద్రం అడుగున కూర్చున్న శక్తి మీది, వాటికి అది లేదు.

చట్టాలకు కొదవ లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో వీటిది మొదటి షెడ్యూలు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల పునరుత్పత్తి కోసం పెట్టిన గడువు. తాబేళ్లు గుడ్లకు వచ్చేది చలికాలంలో, నిషేధం మొదలయ్యేసరికి వాటి పని చాలావరకు అయిపోతుంది, చావులూ అయిపోతాయి.

తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలను కొచ్చిలో మన శాస్త్రవేత్తలే తయారుచేశారు. వల మధ్యలో వాలుగా ఇనప కమ్మీలుంటాయి. రొయ్య సందుల్లోంచి లోపలికి పోతుంది, తాబేలు కమ్మీలకు తగిలి అక్కడున్న కంతలోంచి బయటపడుతుంది. దానితోపాటు సరుకూ పోతుందని బోటు యజమానుల గోల. ఇలాంటి వలలు సరిగా వాడటం లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యకు ధ్రువీకరణ తీసేసింది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఆ బెంగ లేదు.

అయితే స్వామీ, కోపమొస్తే తెప్పవాడి మీద చూపకండి. ఇక్కడ వేట గిట్టుబాటు కాక మనవాళ్లు గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్లెక్కుతారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కారు. అదీ అనుకోకుండా వలలో పడటమే. వాళ్లలో 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు.

ఊళ్లో మిగిలినవాడి వలలో తాబేలు చిక్కితే, అది మెలికలు తిరిగి వలంతా చుట్టుకుంటుంది. బతికుండగా వదలాలంటే వల కోయాలి. అప్పు చేసి కొన్న వల అది. మహారాష్ట్రలో ఇలా వల కోసుకున్నవాడికి 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తామన్నారు. మన తీరంలో కత్తి తీసిన ప్రతివాడికీ వారం తిరక్కుండా ఆ డబ్బు అందేలా చూడండి. మీ హుండీలోంచి ఇమ్మనడం లేదు, దేవాదాయ శాఖ ఒప్పుకోదు. రొయ్యల మీద డాలర్లు లెక్కపెట్టుకునే వాళ్ల చెవిలో ఓ మాట వేస్తే చాలు.