రైలు పోయింది, రుబాబు పోలేదు

రాజమహేంద్రవరంలో గోదావరి మీది హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది. 1900లో దాని మీద రైలు నడిచింది. అప్పుడు ప్రొక్లెయినర్లు లేవు, డ్రోన్లు లేవు, రివ్యూ మీటింగుల్లో జీడిపప్పు ప్లేట్లు అసలే లేవు. అయినా మూడేళ్లలో 56 ఖానాలూ లేచాయి. 1997లో రైళ్లు ఆపేశారు. పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. మనిషి నింపాదిగా నడిచే తోవ ఒకటి వేయడానికి మన ఘనమైన ప్రభుత్వాలకు ఇంతకాలం తీరిక చిక్కలేదు!

ఎందుకంటారా? వంతెన కట్టించింది రైల్వే. నది చూసేది రాష్ట్రం. ఊరు కార్పొరేషన్‌ది. తుప్పు మాత్రం అందరి ఉమ్మడి ఆస్తి.

రైల్వే అంటే ఏమనుకున్నారు? 1989 రైల్వే చట్టం 11వ సెక్షన్ చూడండి. మిగతా చట్టాలు ఏం చెప్పినా సరే, లైను వేయడానికీ నడపడానికీ కావలసిన పనులు తాను కానిచ్చుకోవచ్చు. సరే, ప్రతి పంచాయతీ గుమ్మంలోనూ చేతులు కట్టుకుని నిలబడితే దేశంలో పట్టాలు పడవు. ఒప్పుకుందాం. కానీ ఆ దర్జా రైలు నడపడానికి ఇచ్చింది కదా? రైలే లేని చోట ఎవరి మీద ఈ జులుం?

పన్ను సంగతి మరీ ముచ్చట. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తి మీద ఊరు పన్ను వేయకూడదు. బదులుగా సర్వీసు చార్జీలు కడతామని 2009లో సుప్రీంకోర్టు ముందు కేంద్రమే తలూపింది. ఊరి సేవలు పూర్తిగా వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొంత వాడుకుంటే 50, అసలు వాడకపోతే మూడో వంతు. వినడానికి ఎంత కమ్మగా ఉంది! మీ కమిషనర్‌ గారిని అడగండి, అందులో ఎంత చేతికొచ్చిందో. మీరు ఇంటి పన్ను ఎగ్గొట్టి చూడండి, వడ్డీతో సహా గుంజుతారు. మొన్నటిదాకా చెత్తకూ గుంజారు. రైల్వే గోడ దగ్గరికొచ్చేసరికి అదే కార్పొరేషన్‌కు గొంతు పెగలదు.

పోనీ, రైల్వేకు భూమి ఇవ్వడం చేతకాదా? భేషుగ్గా చేతనవును! 2022లో కార్గో టెర్మినళ్ల కోసం భూమి లైసెన్సు ఫీజును మార్కెట్ విలువలో 6 శాతం నుంచి 1.5 శాతానికి దించారు. గడువేమో 5 ఏళ్ల నుంచి 35కు పెంచారు. సరుకు డబ్బాలకు అంత మర్యాద. ఊరు తోవ అడిగితే మాత్రం 'పరిశీలనలో ఉంది'.

రాష్ట్రం తక్కువ తిందా? పుష్కరాలు దగ్గర పడితే చాలు, పాత వంతెన మీద ప్రేమ పొంగుకొస్తుంది. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' పేరిట 94.44 కోట్ల రూపాయల పథకానికి శంకుస్థాపన అయింది. అందులో ఈ వంతెనా ఉంది. గ్రాఫిక్స్ బొమ్మల్లో చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, పిల్లల చేతుల్లో బెలూన్లూ ఉంటాయి. ఇనుప గర్డరు మీద చెయ్యేస్తే అరచేతికి ఎర్రటి పొట్టు అంటుకునే సంగతి ఏ బొమ్మలోనూ కనపడదు.

2027 పుష్కరాలు ఎంతో దూరం లేవు. రంగులు పూస్తారు. లైట్లు కడతారు. నాయకులు వరసగా నిలబడి ఫొటోలు దిగుతారు. పన్నెండో రోజు దాటాక కరెంటు బిల్లు వస్తుంది. అదిగో, అప్పుడు చూడండి, వంతెన మాది కాదంటే మాది కాదని ముగ్గురూ ఎంత చక్కగా ఒక్క మాట మీద నిలబడతారో!