వానొస్తేనే మొదటి పేజీకి!

భారత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుల వారికి,
న్యూఢిల్లీ.

విషయం: వానను మగవాళ్ల మీద కూడా కురిపించవలసిందిగా అర్జీ.

ఆర్యా,

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పేపర్లు కొన్ని కొని, కొన్ని కొనకుండానే చదివి ఈ అర్జీ రాస్తున్నాను. తొలకరి పడితే చాలు, మా పత్రికల మొదటి పేజీలో గొడుగు పట్టుకున్న కాలేజీ అమ్మాయిలే తడుస్తారు. ఎండలు ముదిరితే ముఖానికి చున్నీ చుట్టుకునేదీ వాళ్లే. మోకాలి లోతు నీళ్లలో బండి తోసుకుంటూ పోయే మా మీద పడేది వాన కాదేమో! ఫలితాల రోజు ‘బాలికలదే పైచేయి’. ఆ శీర్షికను అచ్చులో పోసి దాచుకున్నట్టున్నారు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ బతుకమ్మకే కనబడతారు, పూలతో.

మా ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ జరిగితే గ్యాలరీలో చెంపకు రంగు పూసుకున్న అమ్మాయికి ఫొటో ఖాయం. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషకు అలా కాదు. 2025 ఫిబ్రవరి 2న అండర్-19 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలవాల్సి వచ్చింది. చూసేవాళ్లకు చప్పట్లు కొడితే సరిపోతుంది, ఆడేవాళ్లు మాత్రం కప్పు తేవాలి.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం మొదలయ్యాక ఆడవాళ్లు బస్సెక్కి పేపర్లోకీ ఎక్కారు. ఆధార్ కార్డు చూపిస్తూ ఒకసారి, సీటు కోసం జుట్లు పట్టుకుంటూ పదిసార్లు. జీరో టికెట్ తీసుకుని వాళ్లు పొద్దున్నే ఎక్కడికి పోతున్నారో ఎవరూ అడగలేదు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో షిఫ్టుకు పోతున్నారండీ. అక్కడ జీతమెంత, పీఎఫ్ కడుతున్నారా, ఈఎస్ఐ కార్డు ఇచ్చారా అన్నవి మొదటి పేజీకి పనికొచ్చే ప్రశ్నలే. జుట్లంత బాగా ఫొటోకు రావు, అంతే.

నాచారం షెడ్లలోనే ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లున్నారు. షెడ్డు తగలబడితే వాళ్లు అంకెగా వస్తారు, దొంగతనం జరిగితే ముఠాగా వస్తారు. మనవాడు మోసం చేస్తే ‘కేటుగాడు’, అందులో కాస్త ముద్దు కూడా ఉంది. పరాయివాడు చేస్తే రాష్ట్రం పేరు, నైజీరియా వాడైతే దేశం పేరు శీర్షికలోకి ఎక్కుతాయి. ఒక కులాన్ని కించపరిచేలా దాని పేరు వార్తలోకి లాగొద్దని మీ నియమావళే చెబుతోంది. రాష్ట్రాల, దేశాల పేర్లు అదే పని చేస్తే ఏ నియమం కింద ఫిర్యాదు చేయాలి?

ఆదివాసీలకు పేపర్లోకి రెండే దారులు: డోలీ మోత, మేడారం జాతర. జాతరలోనూ పెద్ద ఫొటో, నిలువెత్తు ‘బంగారం’ (బెల్లమే లెండి) తూగే నాయకుడిదే.

ఇది మా పత్రికల రోగం మాత్రమే కాదని తెలుసు. ప్రపంచ మీడియా పరిశీలన ప్రాజెక్టు లెక్కలో, వార్తల్లోని మనుషుల్లో ఆడవాళ్లు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. మన దేశంలో 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చూసిన 121 న్యూస్‌రూమ్ పెద్ద కుర్చీల్లో 106 అగ్రవర్ణాలవారివే. దళితులవీ ఆదివాసీలవీ సున్నా. ఫొటో ఎంచే చెయ్యి ఎవరిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

1966లో పుట్టిన మీ కౌన్సిల్ అధ్యక్ష పీఠంపై తొలి మహిళ, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్, కూర్చున్నది 2022లో. కాబట్టి మిమ్మల్ని తొందరపెట్టే మొహం మాకూ లేదు, నిదానించమనే మొహం మీకూ లేదు. మందలించడమే తప్ప శిక్షించే అధికారం మీకు లేదనీ ఎరుగుదును. మందలింపూ అక్కర్లేదు, ఒక్క ఉత్తరం రాయండి చాలు. గడిచిన ఏడాది మొదటి పేజీలో పేరుతో, మాటతో వచ్చినవారిలో ఆడవాళ్లెందరు, ఆదివాసీలెందరు, వలస కార్మికులెందరు అన్నది ప్రతి పత్రికా జనవరి 1న అచ్చేయాలని. లెక్కలు చెప్పుకోవడం వాటికి కొత్తేం కాదు, సర్క్యులేషన్ పెరిగినప్పుడు మొదటి పేజీలోనే వేసుకుంటాయి.

ఇట్లు,
వానలో తడిసిన ఒక మగ పాఠకుడు,
ఉప్పల్.