అడక్కుండా నీళ్లలోకి దిగేవాళ్లం కాదు

మా నరసరావుపేట వాళ్లకి సముద్రమంటే చీరాల పక్కనున్న వాడరేవే. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా చీరాల కూడా మా గుంటూరు జిల్లాలోదే. సూర్యలంక తీరం 2022లో జిల్లాలు చీలేదాకా మాతోనే ఉంది. ఇప్పుడు మా పల్నాడు జిల్లాకి గజం సముద్రపొడ్డు కూడా లేదు.

మా రోజుల్లో కార్తీక పున్నమికి పోయేవాళ్లం. తెల్లవారుజామునే బస్సెక్కి, చిలకలూరిపేటలో మారి, పర్చూరు మీదుగా చీరాల చేరి, అక్కడ జట్కా మాట్లాడుకునేవాళ్లం. చేతిలో పులిహోర మూట. మగ్గాల చప్పుడు వినపడగానే మా తాత కథ మొదలుపెట్టేవాడు. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. అదే కాలంలో మన పల్నాట్లో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేత పన్ను, కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్లకి ప్రాణమిచ్చాడు. చీరాల పోవడమంటే ఆ మాటలన్నీ వినడం.

ఇక నీళ్ల సంగతి. వలలు బాగుచేసుకుంటున్న జాలరి పెద్దాయన్ని అడక్కుండా ఒక్కరం కూడా దిగేవాళ్లం కాదు. ఆయన ఇసకలో నిలబడి చెయ్యి చాపి చూపించేవాడు: “అదిగో, అటూ ఇటూ కెరటం విరుగుతోంది, మధ్యలో నీళ్లు పడుకున్నట్టున్నాయి చూశావా? అక్కడికి పోబాకండి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ దారినే లోపలికి పోతాయి.” ఆ మాట మీద మా అమ్మ మమ్మల్ని మోకాలి లోతు దాటనిచ్చేది కాదు.

మొన్న కార్తీకంలో మనవడి కారులో పోయాను. కొత్త రోడ్డు బాగుంది, కాదనను. కానీ చీరాలలో ఆగలేదు. నేరుగా ఒక రిసార్టుకి. సముద్రం వంద అడుగుల దూరంలో ఉంటే జనమంతా నీలం పలకల తొట్టిలో మునకలు. చెవులు బద్దలయ్యే పాటలు. ఒడ్డుకొచ్చినవాళ్లు హెచ్చరిక బోర్డు కింద చెప్పులు విడిచి, బోర్డు వంక చూడకుండా, తాగిన ఒంటితో ఆ పడుకున్న నీళ్లలోకే దిగుతున్నారు. కెరటం లేదు కాబట్టి అదే మంచి చోటనుకుంటారు. ఎదిగిన బిడ్డలు సముద్రంలో కొట్టుకుపోయారన్న వార్త ఏటా చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ ఆ పెద్దాయన చాపిన చెయ్యి కళ్ల ముందుకొస్తుంది.

మా మనవడికి విశాఖలో ఉద్యోగం. అక్కడి రుషికొండ ఒడ్డున సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడు. పలక మీద నిలబడి కెరటమెక్కడం ఏం ఆటరా అని మందలించినవాణ్ణే. కానీ ఆరోజు వాడు నీళ్లలోకి దిగేముందు పావుగంట సేపు ఒడ్డున నిలబడి కదలకుండా చూశాడు. “తాతయ్యా, అదిగో కెరటం విరగని చోటు, అటు పోకూడదు. పొరపాటున అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక తిరగాలి” అన్నాడు. అరవై ఏళ్ల కిందట విన్న మాట మళ్లీ విన్నాను. నేర్చుకున్నవాడికి భయం ఉంది, భయం ఉన్నవాడికి సముద్రం మీద గౌరవం ఉంది. ఆ ఆట మీద నా కోపం పోయింది.

ఇంకో బాధ చెప్పాలి. చీరాలకి దక్షిణాన, చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. కాకతీయుల ఓడరేవు. మార్కో పోలో రాసుకున్న రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోబోమని గణపతిదేవుడు రాతి మీద మాటిచ్చాడు. సముద్రం దెబ్బతిన్న మనిషిని ఇంకా దెబ్బతీయకూడదని ఏడొందల ఎనభై ఏళ్ల కిందట మన రాజు అన్నాడు. రిసార్టులో ముప్పై మందిని అడిగాను. మోటుపల్లి పేరు విన్నవాళ్లు ఇద్దరు.

వాడరేవు పోయే పల్నాటి పిల్లలారా, మోటుపల్లిలో ఒక్క అరగంట ఆగండి. మీ బిడ్డల్ని ఆ రాతి ముందు నిలబెట్టండి. ఒడ్డుకు చేరాక, నీళ్లలో కాలు పెట్టకముందు, వల బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి పోయి, “ఎక్కడ దిగొచ్చు అన్నా?” అని అడగండి.