ఇక్లెప్ట్ మాస్టారు

‘ఏటి మాస్టారూ, కొత్త సంగతులేటి?’ అని టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అడిగాడు. ‘నువ్వు ఉత్త క్విడ్‌నంక్‌వోయ్’ అన్నారు మా మాస్టారు. అదేదో పదవి కాబోలనుకుని ఆయన పొంగిపోయి, ఆ పూట ఇద్దరికి టీలు కూడా ఇప్పించాడు. లాటిన్‌లో ‘ఇప్పుడేటి?’ అని ఆ మాటకి అర్థం. పొద్దస్తమానం కబుర్ల కోసం కాళ్లరిగేలా తిరిగేవాణ్ణి 18వ శతాబ్దంలో ఇంగ్లండువాళ్లు అలా వెక్కిరించేవారు. మాస్టారు తిట్టే తిట్లన్నీ ఇలాగే దీవెనలైపోతుంటాయి. అందుకే బొబ్బిలిలో ఆయనకి శత్రువు లేడు.

రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు ఏ ఊళ్లోనైనా ఒకరుంటారు. అర్జీలు రాసిపెడతారు, శుభలేఖల్లో తప్పులు దిద్దుతారు. మా మాస్టారి దగ్గరికి అర్జీ పట్టుకెళ్తే మాత్రం పని అయినట్టే! వాడుకలో ఉన్న ఇంగ్లిష్ అంటే ఆయనకి చద్దన్నం. తెల్లవాళ్లే అటకెక్కించి మరిచిపోయిన మాటలు కావాలి. గురజాడవారి గిరీశం కూడా మా జిల్లావాడే. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడిననాటి నుంచి వాడికి వారసులకి కొదవ లేదు. కాకపోతే వాడు ఇంగ్లిష్‌ని అడ్డం పెట్టుకుని బతికాడు. మా మాస్టారు చచ్చిన ఇంగ్లిష్‌ని బతికించడానికి సొంత పింఛను ఖర్చు పెడుతున్నారు.

ఒకసారి గొల్లపల్లిలో వీణలు చేసే కుర్రాడొకడు, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ల కోసం ఇంగ్లిష్‌లో బోర్డు రాసిమ్మన్నాడు. రాయాల్సింది రెండు ముక్కలు. ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ, దీన్ని బొబ్బిలి వీణ అంటారు. ఆ ‘అంటారు’ దగ్గర మాస్టారి చెయ్యి ఊరుకోలేదు. ‘ఇక్లెప్ట్’ అని రాశారు. ‘అనబడే’ అని దాని అర్థం, ఇంగ్లండులో అది ఏనాడో వాడుక తప్పిన మాట. వారం తిరక్కుండానే హైదరాబాదు నుంచి వచ్చినాయనెవరో వీణ మీద కొట్టి చూసి, ‘ఇక్లెప్ట్ కంపెనీకి మీరొక్కరే డీలరా?’ అని అడిగాడట. కుర్రాడు ఔనన్నాడు. బేరం కుదిరింది. బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది.

పెళ్లిచూపుల సంగతి ఇంకా ఘోరం. పెళ్లికొడుకు చాలా నైస్ అబ్బాయని ఆడపిల్ల తండ్రి మురిసిపోతుంటే, పిలవని పేరంటంలా మాస్టారు అందుకున్నారు. ‘నైస్ అంటే మొదట్లో మూర్ఖుడని అర్థమండీ. ఏమీ తెలియనివాడు అనే లాటిన్ మాటలోంచి వచ్చింది.’ మగపెళ్లివారు తాగుతున్న కాఫీలు కింద పెట్టేశారు. ఆడపిల్ల తండ్రికి ఒళ్లు మండింది. ‘సిల్లీగా మాట్లాడకండి మాస్టారూ!’ అని కసిరాడు. మాస్టారి మొహం చేటంతైంది. సిల్లీ అంటే పూర్వం ధన్యుడని, దేవుడి దయ పొందినవాడని అర్థం! లేచి నిలబడి నమస్కారం పెట్టారు. దాంతో అందరూ నవ్వేసి సంబంధం ఖాయం చేసుకున్నారు గాని, పెళ్లిలో ఆయన్ని మైకుకి మాత్రం ఆమడ దూరంలో కూర్చోబెట్టారు.

ఆయనకి ప్రాణమైన మాట ‘కర్మడ్జన్’. పిసినారి, చిరాకు మనిషి అని అర్థం. శామ్యూల్ జాన్సన్ 1755లో నిఘంటువు వేశాడు. ‘సరిగ్గా బొబ్బిలి యుద్ధానికి రెండేళ్ల ముందు’ అని మాస్టారు వేలెత్తి గుర్తుచేస్తారు. ఆ మాట ‘చెడ్డ గుండె’ అనే ఫ్రెంచి మాటల నుంచి వచ్చిందని జాన్సన్‌కి ఎవరో ఉత్తరం రాస్తే, అదే వేసి, పక్కన ‘అజ్ఞాత లేఖకుడు’ అని చేర్చాడు. 1775లో యాష్ అనే ఇంకొకాయన దాన్ని తన నిఘంటువులోకి ఎత్తుకుంటూ, మొదటి ఫ్రెంచి మాటకి ‘అజ్ఞాత’ అని, రెండోదానికి ‘లేఖకుడు’ అని అర్థాలు రాసిపారేశాడు. అసలు పుట్టుక ఈనాటికీ తేలలేదు. ‘ఫ్రెంచివాణ్ణి నమ్మితే ఇంతే. ఆ యుద్ధంలో బుస్సీ చేసింది చాలదా మనకి?’ అంటారు మాస్టారు.

ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. పంచదార తక్కువైన రోజున ‘నువ్వొక కర్మడ్జన్‌వి’ అంటే, ఆయన భార్య ‘నా కర్మేలెండి, ఆ జనమెవరో నాకు తెలీదు’ అని వంటింట్లోకి వెళ్లిపోతారు.

మొన్న ఒక రాత్రి పుస్తకాల గదిలో చప్పుడైంది. లైటు వేసి మాస్టారు ‘బ్యాండికూట్! బ్యాండికూట్!’ అని కేక పెట్టారు.

‘ఈ వేళప్పుడు బండి కూతేటండీ? సాలూరు బండా?’ అన్నారావిడ నిద్రమత్తులో.

వచ్చి చూద్దురు గదా, అడుగు అరలో ఉన్న పెద్ద నిఘంటువు పావు వంతు పొట్టు పొట్టుగా పడుంది. దాని పక్కన పిల్లి అంత జంతువు. మాస్టారు పై అర నుంచి హాబ్సన్-జాబ్సన్ దించారు. యూల్, బర్నెల్ దొరలు కూర్చిన, 1886లో అచ్చైన, మన దేశపు మాటల నిఘంటువు అది. పేజీ తీసి చదివి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి ‘ఇది మన మాటే. తెలుగు పందికొక్కే బ్యాండికూట్ అయింది’ అన్నారు.

‘మరి పందికొక్కంటే ఏ పీడా పోయేది కదా! సీమకెళ్లి పేరు మార్చుకొచ్చి మీ పుస్తకం తిందన్నమాట. ఎంతవరకు తిందేటి?’

‘ఏ నుంచి డి దాకా.’

‘అయితే కర్మడ్జన్ కూడా పోయిందా?’ అని అడిగారావిడ, కాస్త ఆశగా.