‘ఎక్కువ’ కనబడితే కూడెయ్!

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల సందుల్లో లెక్కల ట్యూషన్లకి కొదవలేదు. ఊళ్ళో 1951 నుంచీ ఐఐటీ ఉంది కదా, ఆరో తరగతి పిల్లాడిక్కూడా ‘ఫౌండేషన్’ వెయ్యాల్సిందే! అందుకు గోడ మీదో పట్టీ: ‘మోర్’ అంటే ప్లస్, ‘లెస్’ అంటే మైనస్, ‘టైమ్స్’ అంటే ఇంటూ. లెక్క చదవక్కర్లేదు, మాట ఏరుకుంటే చాలు.

ఏరుకుందాం. అప్పన్న దగ్గర 12 గోళీలున్నాయి, సింహాచలం దగ్గరున్నవాటికంటే 5 ఎక్కువ. సింహాచలం దగ్గరెన్ని? పట్టీ ప్రకారం 17. ‘ఎక్కువ’ కనబడింది, కూడేశాం. నిజానికి పాపం వాడి దగ్గరున్నవి 7. మిగతా పదీ పట్టీ దానం చేసింది.

‘ఫైవ్ లెస్ దేన్ ఎక్స్’ విని పిల్లాడు 5 − ఎక్స్ అని రాస్తే చెవి మెలేస్తారు. విన్న వరసలోనే రాశాడు మరి! ఇంట్లో అమ్మ మాట్లాడినట్టు ‘ఎక్స్ కంటే 5 తక్కువ’ అనుకుంటే ఎక్స్ − 5 దానంతటదే వరసలో పడేది. 2020 డిసెంబరులో మన పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి సరేనంది గానీ, ట్యూషన్ బోర్డుకి ఆ కబురింకా అందలేదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడంటే, ‘ఆయనకి ర్యాంకెంత?’ అనేలా ఉన్నారు.

తర్వాత పక్షాంతరం. ‘అటు పోతే గుర్తు మారుతుంది, అంతే!’ పక్షం మారితే గుర్తు మారుతుందని మన ఎమ్మెల్యేలకి ఎవరు నేర్పారు? దానికి ఫీజెందుకు? రెండు వైపులా ఒకే రాశిని తీసేశాం కాబట్టి ఇటు మాయమై అటు మైనస్‌గా తేలిందని చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషమే సిలబస్‌లో లేదు.

ఇక ఊరి పరువు లెక్క. 368 మీటర్ల రైలు గంటకి 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 20 మీటర్లు, మన 1,072 మీటర్ల ప్లాట్‌ఫామ్‌ని ఎంతసేపట్లో దాటుతుంది? పట్టీలో ‘దాటు’ లేదు. అందరూ 1,072ని 20తో భాగించి చేతులు దులిపేసుకున్నారు. ఇంజను కొన తాకగానే వెనక గార్డు పెట్టె కూడా దాటేసినట్టేనా? ఒక్క రైల్వే వర్క్‌షాపు కార్మికుడి కొడుకు మాత్రం బొమ్మ గీసుకుని, రెండు పొడవులూ కలిపి, 1,440 బై 20, 72 సెకన్లన్నాడు. బొమ్మలేస్తూ టైము తగలేస్తున్నావని కసిరారు.

లెక్కని మొదటినుంచి చివరిదాకా చదివిన ఇంకొకడు, ‘ఖరగ్‌పూర్‌లో ఆగదా సార్?’ అన్నాడు. వాణ్ణి బెంచీ ఎక్కించారు.