సున్నా దగ్గరే నాకు సుఖం

నేను అమ్మీటర్‌ని. పుట్టింది 1978లో, అమెరికాలోని విచిటాలో తయారైన ఒక సెస్నా 172 విమానంలో. ప్యానెల్‌లో ఓ మూల ఉంటాను. మధ్యలో సున్నా, కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్, నడుమ ఒక సూది. నా ఆస్తి అంతే.

నా పని చాలామందికి సరిగ్గా తెలియదు. విమానం మొత్తం మీద ఎంత కరెంటు ఖర్చవుతోందో నేను చెప్పను. బ్యాటరీలోకి వస్తోందా, బ్యాటరీ నుంచి పోతోందా, ఎంత జోరుగా? అదొక్కటే చెబుతాను. ఇంజిన్‌ని స్టార్ట్ చేసేది 24 వోల్టుల బ్యాటరీ. ఆ తర్వాత రేడియోలు, లైట్లు, ఫ్లాప్‌లు, పెట్రోలు గేజ్‌ల భారమంతా ఆల్టర్నేటర్‌దే. ఇంజిన్ ముందుభాగాన బెల్టుతో తిరుగుతూ 60 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. 24 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు ఎక్కాలంటే అవతల వోల్టేజీ ఎక్కువుండాలి కాబట్టి అది 28 వోల్టుల దగ్గర పనిచేస్తుంది.

స్టార్ట్ కాగానే నా సూది కుడికి వాలుతుంది. వాడిన కరెంటు మళ్లీ నిండుతోందన్నమాట. అరగంట ఎగిరాక సున్నాకు రెండు సూదుల మందం లోపు వచ్చేయాలి. అప్పటికీ కుడివైపే ఉండిపోతే ఆల్టర్నేటర్ అతిగా పోస్తోందని అర్థం. బ్యాటరీలోని ద్రవం వేడెక్కి ఆవిరైపోతుంది. వోల్టేజీ 31.5 దరిదాపులకు చేరితే కంట్రోల్ యూనిట్ ఆల్టర్నేటర్‌ని తానే ఆపేస్తుంది.

పైపర్ చెరోకీ నడిపి వచ్చిన పైలట్లు నన్ను చూసి తికమకపడతారు. అక్కడున్న నా దాయాది ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటును చూపిస్తాడు. అతని దగ్గర సున్నా అంటే ఆల్టర్నేటర్ పోయినట్టు. నా దగ్గర సున్నా అంటే క్షేమం.

మా విమానం చేతులు మారి ఇండియాలో ఒక ఫ్లయింగ్ స్కూలుకు చేరింది. ఒక సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్, నేర్చుకునే కుర్రాడు గాల్లో ఉండగా ఆల్టర్నేటర్ బెల్టు తెగింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. నా సూది ఎడమకు ఒరిగింది. ఎవరూ చూడలేదు. బ్యాటరీ వోల్టేజీ దిగాక లో-వోల్టేజీ ఎర్రలైటు వెలిగింది. అప్పుడు చూశారు.

"సర్, ఇంజిన్ ఆగిపోతుందా?"

"ఎందుకాగుతుంది? ప్లగ్గుల్లో నిప్పు పుట్టించేవి మాగ్నెటోలు. వాటికి బ్యాటరీతో పనిలేదు. ముందు ఎవియానిక్స్ స్విచ్ ఆపు."

కుర్రాడు ఆపాడు. ఆల్టర్నేటర్ బ్రేకర్ లోపలికే ఉందని చూసుకున్నాడు. మాస్టర్ స్విచ్‌లోని బ్యాటరీ, ఆల్టర్నేటర్ భాగాలు రెండూ ఆపి, మళ్లీ వేశాడు. కంట్రోల్ యూనిట్ పొరపాటున ఆల్టర్నేటర్‌ని ఆపి ఉంటే దానితో బాగుపడేది. తెగిన బెల్టు స్విచ్చులతో అతుకుతుందా? నేను ఎడమనే ఉన్నాను.

"ఆల్టర్నేటర్ భాగం ఆపెయ్. అది కరెంటు ఇవ్వకపోగా, తన ఫీల్డ్ కాయిల్‌కి బ్యాటరీ నుంచే తీసుకుంటోంది."

తర్వాత రేడియోల కోసం ఎవియానిక్స్ స్విచ్ మళ్లీ వేసి, రెండో రేడియో, అక్కర్లేని లైట్లు ఆపారు. ఒక్కొక్కటి ఆపినప్పుడల్లా నేను సున్నాకి కాస్త దగ్గరయ్యాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. రాబడి ఆగినప్పుడు ఖర్చు తగ్గించడమే మార్గం. మిగిలిన కరెంటును టవర్‌తో మాటలకు, దిగేటప్పుడు ఫ్లాప్‌లకు దాచుకున్నారు. ఎత్తు, వేగం చూపే మీటర్లు గాలి ఒత్తిడితో నడిచేవి, వాటికి లోటు లేదు. మామూలుగానే దిగారు.

పేరంతా ఎర్రలైటుకే వచ్చింది. దాని మీద నాకు కోపం లేదు. కానీ అది వెలిగేలోపు ఖర్చయిన బ్యాటరీని ఎవరు తిరిగిస్తారు?

ఇప్పటి సెస్నాల్లో గార్మిన్ జీ1000 తెరలు వచ్చాయి. సూదికి బదులు అంకె కనిపిస్తుంది. బ్యాటరీ ఆంపియర్ల ముందు మైనస్ గుర్తు పడిందా, అది నేను ఎడమకు ఒరిగినట్టే. ఎర్ర అక్షరాలు వచ్చేదాకా ఆగకండి.